పదిహేడో కాగితం

జూన్ 3

ప్రియమైన చెల్లీ,

అమ్మ పోయిన రోజు వచ్చి, సాయంత్రానికే వెళ్లిపోయావు. నాతో ఒక్క మాట ఆడలేదు. ఉండమని అడిగే మొహం నాకూ లేదనుకో. ఇప్పుడు కూడా అవసరం పడే రాస్తున్నాను.

ఈ పార్శిల్‌లో అమ్మ ఫోన్ పెట్టాను. నువ్వు కొనిచ్చిందే. చూపు బాగా మందగించాక కూడా దాన్ని దిండు పక్కనుంచి కదలనిచ్చేది కాదు. పాటలు వింటోందనుకునేదాన్ని. గీతల లాక్ ఉంది, తీయడం నాకు చేతకాలేదు. మా వీధి చివర షాపతను మొత్తం చెరిపేస్తే తప్ప తెరుచుకోదన్నాడు. చెరిపితే అమ్మ ఫొటోలు పోతాయి. ఆఖరి రెండేళ్లవి ఇంకెక్కడా లేవు. పొద్దస్తమానం నీ షాపులో ఫోన్లు విప్పి బాగుచేసేదానివి, నీ చేతికైనా మాట వింటుందేమో చూడు.

మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాను. టైపు చేస్తూ చేస్తూ పన్నెండున్నర కాగానే లేచి నిలబడుతున్నాను, ఇంటికి పరిగెత్తి అమ్మకి కంట్లో చుక్కలు వేయాలని. మళ్లీ కూర్చుంటున్నాను. పక్క టేబులామె చూడనట్టు ఊరుకుంటోంది.

ఆరోగ్యం జాగ్రత్త.

ప్రేమతో,
అక్క


జూన్ 19

అక్కకి,

ఫోన్ తెరిచాను. పాత రకం కాబట్టి సరిపోయింది, కొత్తవైతే మొండికేస్తాయి. దీనిలో ఐదుసార్లు తప్పు గీస్తే మెయిలూ పాస్‌వర్డూ అడుగుతుంది. అమ్మకి ఆ మెయిల్ చేసిపెట్టింది నేనే. నెట్ కోసం నా సిమ్ వేసి, పాస్‌వర్డ్ కొట్టాను. ఏమీ చెరగలేదు.

నా సిమ్ ఎందుకు వేయాల్సి వచ్చిందంటే, అందులో సిమ్ లేదు. నేను నెలల తరబడి ఆ నంబరుకి ఫోన్ చేశాను. స్విచాఫ్ అని వచ్చేది. తీసింది నువ్వేనా?

ఫొటోల సంగతి తర్వాత. అందులో కాగితాన్ని ఫొటో తీస్తే పైకి చదివి వినిపించే యాప్ ఒకటుంది. నేను వేసింది కాదు. తెరిస్తే నా ఉత్తరాలున్నాయి. అమ్మ చదువుకుంటుందని పెద్దక్షరాల్లో ప్రింటు తీసి పంపినవి, పదహారూ ఉన్నాయి. ఒక్కో పేజీకి నాలుగైదు ఫొటోలు. వంకరగా, వేలు అడ్డంపడి, దుప్పటి అంచుతో సహా. చివరికి సరిగ్గా పడే దాకా తీసింది. నాకు గర్భసంచి ఆపరేషన్, ఒక్కసారి వచ్చి పక్కన కూర్చో అమ్మా అని రాశానే, ఆ పేజీని పదకొండు రోజుల్లో పదకొండుసార్లు తీసి విన్నది.

"నీ ఉత్తరాలు రాగానే చదివి వినిపించాను, విని గోడవైపు తిరిగి పడుకుంది" అని నువ్వు నాకు రాశావు. నువ్వే చదివి వినిపిస్తే, అమ్మకి ఆ యాప్‌తో ఏం పని? ఏం చదివావు అక్కా?

చెల్లి


జూన్ 27

ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని పక్క వాటా నర్సు దగ్గరికి వెళ్లాను. ఆవిడే వేసిందట. మందు సీసాల మీద పేర్లు వినడానికని అమ్మ అడిగి వేయించుకుందట. "మీకు చెప్పలేదా?" అంది.

దాచి లాభం లేదు. నువ్వు రాసింది నేను చదవలేదు. నా నోటికొచ్చింది చదివాను. నువ్వు బాగున్నావని, షాపులో తీరిక లేదని, ఇప్పట్లో రాలేవని. ఆపరేషన్ మాట ఎత్తనేలేదు. కింది వాటా తీసుకున్నాను, మెట్లెక్కే పని లేదు, నా దగ్గరికొచ్చేయ్ అని నువ్వు రాసినప్పుడల్లా ఆ పేజీని దాటేశాను. ప్రతిసారీ అమ్మ "ఇంతేనా?" అనేది. "ఇంతే" అనేదాన్ని. కాగితాలు తన చేతికిచ్చేసేదాన్ని, కనబడదుగదా అన్న ధీమాతో. సిమ్ తీసిందీ నేనే.

వెళ్తానంటుందని భయం. నీకు నీ షాపుంది, నీ మనుషులున్నారు. పదకొండేళ్లు అమ్మ మందుల వేళల ప్రకారం లేచి, పడుకుని, ఉద్యోగంలో పై మెట్టు కూడా వద్దనుకున్నాను. అమ్మ నీ దగ్గరికొచ్చేస్తే, మర్నాడు పొద్దున్నే లేచి నేనేం చేయాలి?

నువ్వు వచ్చి తీసుకెళ్తానని రాశాక ఇంకో పని చేశాను. "నువ్వు రావద్దు, ఇక రాయొద్దు, నాకు ఒక్కతే కూతురనుకుంటాను" అని అమ్మ సంతకంతో నీకు వచ్చిన కాగితం నేను ఆఫీసులో టైపు చేసింది. పొద్దున బల్ల మీద పెట్టి, పెన్షన్ కాగితం, సాయంత్రం సంతకం చేద్దువుగాని అన్నాను. ఆ మాటలు అమ్మవి కావు. అమ్మకి వాటి సంగతే తెలీదు. నన్నేమన్నా పడతాను. అమ్మని మాత్రం తప్పుపట్టకు.

అక్క


జూలై 15

అక్కా,

ఇది రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. నీకు ఊరట కలగాలని రాస్తున్నానో, నిన్ను నొప్పించాలనో నాకే తెలీదు.

పదహారు ఉత్తరాలన్నాను. ఆ ఫోన్‌లో పదిహేడో కాగితం ఉంది. నువ్వు బల్ల మీద పెట్టి వెళ్లిన కాగితమే. ఆ రోజు పదకొండు కావస్తుండగా ఫొటో తీసింది. అడుగున సంతకం లేదు. నా దగ్గరున్నదాని మీద ఉంది.

అంటే ముందే విన్నది. నన్ను రావద్దన్నదీ, ఒక్కతే కూతురన్నదీ, అంతా. విని, నువ్వు ఆఫీసు ముగించుకుని వచ్చేదాకా కూర్చుని, సాయంత్రం సంతకం పెట్టింది.

రెండేళ్లు నువ్వు నన్ను అమ్మకి కాకుండా చేశావనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ అనుమానం నిజమని తేలింది, ఒక్క పూట హాయిగా కూడా ఉంది. తిట్టడానికి మనిషి దొరికినట్టు. కానీ ఈ కాగితం నీ ఒక్కదానిదే కాదు. నన్ను వద్దనుకుందో, నువ్వు ఏమైపోతావోనని భయపడిందో, అడుగుదామంటే మనిషి లేదు.

ఫొటోలన్నీ మెమరీ కార్డులో ఎక్కించి పంపుతున్నాను. ఫోన్ నా దగ్గరే ఉంచుకుంటాను. మళ్లీ రావడాలు, పోవడాలు మన మధ్య వద్దు. ఒక్క సంగతి మాత్రం రాయి. ఆ సాయంత్రం సంతకం పెట్టేటప్పుడు అమ్మ ఏమైనా అందా?

చెల్లి


జూలై 22

ప్రియమైన చెల్లీ,

పెన్ను చేతికిచ్చి, వేలు పట్టుకుని చోటు చూపించాను. "ఇక్కడేనా?" అంది. "ఇక్కడే" అన్నాను. పేరంతా రాసింది, తొందరపడలేదు. పెన్ను మూత తనే తడిమి పెట్టింది.

తర్వాత, "పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు, వెళ్లి తిను" అంది.

వెళ్లి తిన్నాను.

అక్క