రెండు–సున్నా

ఫిబ్రవరి 24

కెప్టెన్ స్మృతికి, కోపంగానే అయినా ప్రేమతో,

ఫోన్ చేస్తే నేరుగా వాయిస్‌మెయిల్‌కి పోతోంది. నువ్వు నన్ను బ్లాక్ చేశావని మన టీమ్ కేలీ చెప్పింది. సరే. కమ్మింగ్ ఊళ్ళో మీ ఇంటి ముందున్న మెయిల్‌బాక్స్‌ను బ్లాక్ చేయడం నీవల్ల కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తెలుగులో ఎందుకంటే బాస్కెట్‌బాల్ కోర్టులో మన భాష అదే. అవతలి టీమ్‌కి అర్థం కాకూడదని నువ్వు "బాల్ గిటియ్యి!" అనీ, నేను "వెనకుంది, చూస్కో!" అనీ అరుచుకుంటూ నవంబరంతా గెలిచాం. చివరికి కోచ్ హార్పర్ కూడా "వెనక, వెనక" అనడం నేర్చుకుంది. పైగా గుంటూరులో ఎనిమిదో క్లాసు దాకా చదివి వచ్చినదాన్ని, నాకు కోపం ఇంగ్లీషులో సరిగ్గా రాదు.

ముందే చెప్తున్నా. నేను తప్పు చేయలేదు.

జిమ్ పైకప్పు కారుతోందని సీజన్ మొదలవకముందే చెప్పాను. ఏం చేశారు? బుట్ట పక్కన గీత అవతల ఒక బకెట్ పెట్టారు. వాన పడ్డప్పుడల్లా టప్ టప్‌మంటుంటే మనం దానికి "ఆరో ప్లేయర్" అని పేరు పెట్టి నవ్వుకున్నాం. జనవరిలో ఆ తడి మీదే నీ కాలు జారింది. మోకాట్లో ఏదో తెగిన చప్పుడు నాకూ వినిపించింది. నీకంటే ముందు నేనే అరిచాను. దానికి కాలేజీ పంపిన ఈమెయిల్‌లో ఏముంది? "దురదృష్టకరమైన సంఘటన." పైకప్పు మాట ఒక్క ముక్క లేదు.

అలాంటివాళ్ళు సీనియర్ నైట్‌కి నీకు కానుక సిద్ధం చేశారు. నాలుగేళ్ళు ఆడినవాళ్ళు అమ్మానాన్నలతో కోర్టులోకి నడిచొచ్చి పూలు అందుకునే సాయంత్రం. ఆట మొదలవగానే నువ్వు మోకాలికి పట్టీతో బుట్ట కింద నిలబడాలట. అవతలివాళ్ళు అడ్డు రారట. నువ్వు దగ్గర్నుంచి ఒక లేఅప్ వేసి బంతిని బుట్టలో పడేస్తే అందరూ చప్పట్లు కొట్టాలి, బదులుగా వాళ్ళకీ ఒక బాస్కెట్ వదిలెయ్యాలి, నువ్వు బెంచీకి పోవాలి, అప్పుడు అసలాట. ఇది విని నాకు ఒళ్ళు మండిపోయింది. మోకాలు తీసుకుని రెండు పాయింట్లు భిక్షం వేస్తారా?

లైబ్రరీ ముందు యూనియన్ వాళ్ళు పంచే కరపత్రాలు నేను టీమ్ బస్సులో చదువుతుంటే "నీ బ్యాగ్‌ల బూట్ల కన్న గీ కాగితాలే బరువున్నయే" అని ఏడిపించేదానివి. దయ చూపించేవాడు జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నాడని వాటిలోనే చదివాను. లాకర్ రూమ్‌లో బెంచీ ఎక్కి అదే చెప్పాను. పైకప్పు వల్లే స్మృతి పడిందని కాలేజీ మైకులో ఒప్పుకునేదాకా ఎవరూ కోర్టులో అడుగు పెట్టొద్దన్నాను. "స్మృతి ఏమంటోంది?" అంది కేలీ. "పడినవాళ్ళు అడగలేరు, వాళ్ళ తరఫున మనమే అడగాలి" అన్నాను. ఇక ఒక్కరూ లేవలేదు. అందరం నీకోసం కూర్చున్నాం స్మృతీ! చూసి గర్వపడతావనుకున్నాను. నువ్వేమో వెళ్ళిపోయేటప్పుడు నా మొహం కూడా చూడలేదు.

నేను చేసిన నేరమేంటో చెప్పు.

నీ భవిత

మార్చి 15

స్మృతీ,

పోయిన ఉత్తరం చింపెయ్. చదవకపోయి ఉంటే మరీ మంచిది.

ఇవాళ జిమ్ మీద మనుషులు తిరుగుతున్నారు. పాత రేకులు పీకి కింద పడేస్తున్నారు. కాలేజీ తప్పు ఒప్పుకుంటూ కాగితం కూడా ఇచ్చింది, నీకూ వచ్చే ఉంటుంది. యూనియన్ వాళ్ళు నా భుజం తట్టి, వచ్చే కరపత్రంలో నా ఫొటో వేస్తామన్నారు. ఒక నెల క్రితమైతే ఎగిరి గంతేసేదాన్ని. వద్దన్నాను.

ఎందుకంటే పొద్దున కోచ్ హార్పర్ దగ్గరికి వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి కాదు, పోట్లాడటానికే. గెలిచినదాన్ని కదా. "ఆ భిక్షం వేయాలని మీకెలా తోచింది?" అని నిలదీశాను. ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత మెల్లగా, "అది నా ఆలోచన కాదు భవితా. స్మృతి అడిగింది" అంది.

నువ్వే అడిగావట. చంకకర్రలు పట్టుకుని ఆవిడ ఆఫీసుకి వెళ్ళి, "మా నాన్న మొదటిసారి వస్తున్నాడు, నేను ఒక్క బాస్కెట్ వేయడం ఆయన చూడాలి" అన్నావట. అవతలి టీమ్ కెప్టెన్‌ని నువ్వే ఫోన్ చేసి బతిమాలావట.

జగదీష్ అంకుల్ సంగతి నాకు తెలియనిదా? ఆట చదువుని పాడు చేస్తుందని నాలుగేళ్ళలో ఒక్క ఆటకీ రాలేదు. "గీ ఉరుకుడు ఉద్యోగమిస్తదా బిడ్డా?" అని నువ్వే ఆయన గొంతుతో అని బస్సు మొత్తాన్నీ నవ్వించేదానివి. అందరికంటే గట్టిగా నేనే నవ్వేదాన్ని. ఆ మాట అన్నాక నువ్వు కిటికీ వైపు తిరిగేదానివని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆ సాయంత్రం లాకర్ రూమ్ తలుపు సందులోంచి చూశాను. కర్రలు పక్కన పడేసి కోర్టు మధ్యలో ఒక్కదానివే నిలబడ్డావు. అవతలి ఐదుగురూ నీకు దారి వదిలి పక్కకి జరిగి ఉన్నారు. ఆఫీసు చొక్కాలో అంకుల్, నీకిచ్చిన పూలు చంకలో పెట్టుకుని, "మీ వోళ్ళేరి బిడ్డా?" అనడం నాకు వినిపించింది. వినిపించినా తలుపు మూసేశాను. ఇంకాస్త పట్టుబడితే కాలేజీ వాళ్ళు దిగొస్తారనుకున్నాను. రిఫరీ ఈల వేశాడు. ఆడటానికి రాని టీమ్ ఓడినట్టే. అలాంటప్పుడు స్కోరు రెండు–సున్నా అని రాస్తారట. ఆ రెండూ నీవి. నేనే తీసి అవతలివాళ్ళకిచ్చాను.

ఆ ఓటమితో టోర్నమెంట్ కూడా పోయింది. కేలీకీ ఇదే ఆఖరి సీజన్. ఆ పిల్ల నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండు.

ఆ పని చేయాలని నేను ముందురోజే నిర్ణయించుకున్నాను. హాస్టల్లో నీ గది నా గది పక్కనే. గోడ తడితే పలికేదానివి. లాకర్ రూమ్‌లో నీ పేరు ఎన్నిసార్లు అరిచానో నాకే తెలియదు. నిన్ను మాత్రం ఒక్కసారి అడగలేదు.

భవిత

ఏప్రిల్ 9

భవితకు,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చింపలేదు. నువ్వు నువ్వుగా కనిపించేది దాంట్లోనే.

ఆపరేషన్ అయింది. థెరపీకి నాన్నే డ్రైవ్ చేసి తీసుకెళ్తున్నాడు. నేను లోపల మోకాలు వంచలేక ఏడుస్తుంటే ఆయన బయట ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మీటింగుల్లో ఉంటాడు. నడక వస్తుందన్నారు, పరుగు కూడా వస్తుందట. మన జెర్సీ వేసుకుని లేఅప్ వేయడం మాత్రం ఇక లేదు.

కాలేజీ కాగితం వచ్చింది. వచ్చే ఏడు అక్కడ ఇంకో పిల్ల పడదు. అది నీవల్లే, కాదనను. కానీ నువ్వు గోడ తట్టి ఉంటే నేనేమనేదాన్నో తెలుసా? ఆపెయ్యమనేదాన్ని కాదు. ఐదు నిమిషాలు ఆగమనేదాన్ని. బాస్కెట్ వేసి, నాన్న చూశాక, నేనే కుంటుకుంటూ లాకర్ రూమ్‌కొచ్చి మీ మధ్యలో కూర్చునేదాన్ని. నీకంటే ఎక్కువ కోపం నాకే ఉండింది. మోకాలు నాది. ఐదు నిమిషాలే, భవీ.

నిన్ను ఇంకా అన్‌బ్లాక్ చేయను. నీ గొంతు వింటే అరుస్తాను, లేదా ఏడుస్తాను. ఉత్తరాలు రాయి. చదువుతాను.

ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు నేను వేసే బాస్కెట్‌ని వీడియో తీద్దామని నాన్న ముందే ఫోన్ ఆన్ చేసి పట్టుకున్నాడట. మొన్న చూపించాడు. అవతలివాళ్ళు పక్కకి జరిగాక వీడియో నిండా ఖాళీ కోర్టే. మధ్యలో నేను, మీ తలుపు వైపే చూస్తూ. బకెట్‌లో చుక్క పడే చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"తీసెయ్ నాన్నా, ఏముంది దాంట్ల?" అన్నాను.

"ఏముందంటవేంది? నువ్వున్నవు గద" అన్నాడు.

మా డ్రైవ్‌వేలో, ఈ ఇల్లు మాకమ్మినవాళ్ళు వదిలేసి వెళ్ళిన బాస్కెట్ రింగ్ ఒకటుంది. ఇన్నేళ్ళూ నాన్న సరిగ్గా దాని కిందే కారు పెట్టేవాడు. ఇప్పుడు వీధిలో పెడుతున్నాడు. వీధిలో పెట్టొద్దని కాలనీ వాళ్ళు కారు అద్దానికి నోటీసు అంటించారు. "అంటియ్యనీ" అన్నాడు. ఆ కింద చోటు ఖాళీగా ఉంది. పొద్దున్నే కిటికీలోంచి చూస్తుంటాను.

స్మృతి