గోడ మీద బంతి

ఇప్పలగూడెం,
అక్టోబర్ 4

చిరంజీవి ప్రభుకు నాయనమ్మ దీవెనలు.

ముందుగా ఒక దిద్దుబాటు. "డెబ్బై ఆరేళ్ల మనిషికి ప్రొజెక్టర్ ఎందుకు" అని రాశావు. నాకు డెబ్బై నాలుగు. రెండేళ్లు ఊరికే ఎక్కించడానికి నేనేమీ కరెంటు మీటరును కాను.

ఎందుకంటే, టీవీ పాడైంది. బొమ్మ వస్తుంది, మాట వస్తుంది, బంతి ఒక్కటే రావడం లేదు. బౌలర్ పరుగెత్తుకొచ్చి చెయ్యి తిప్పుతాడు, అవతలివాడు ఏదో దులుపుకుంటాడు, జనం కేకలు వేస్తారు. మధ్యలో ఏం జరిగిందో పక్కింటి నాగక్కను అడగాల్సి వస్తోంది. విస్తరాకులు కుట్టుకుంటూనే ఆమె "ఫోర్ పోయిందమ్మా" అంటుంది. నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్ల నాకు క్రికెట్ చెప్పడమా? ఈ మధ్య బంతులు చిన్నవి చేశారేమో కనుక్కో.

ముందు గది గోడకు సున్నం వేయించాను. పదకొండు అడుగుల వెడల్పు. బొమ్మ హెచ్‌డీలో రావాలి, ధర నా పింఛనుకు అందాలి. ఫోన్ చెయ్యమనకు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. గుట్ట మీద నిలబడి నా ఇంటి సంగతులు అడవికంతా వినిపించే అలవాటు నాకు లేదు. ఉత్తరాలు అందించడానికి మీ పాల్వంచ బస్సు కండక్టర్ సక్రి ఉండగా మనకు ఫోనెందుకు?

ఇట్లు,
మీ నాయనమ్మ రిబ్కా

తా.క.: నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం మీద సాంబారు పడింది. కళ్లు, దవాఖానా అని ఏదో ఉన్నట్టుంది. చదవలేకపోయాను.

---

పాల్వంచ, కంపెనీ క్వార్టర్స్,
అక్టోబర్ 9

నాయనమ్మకు వందనాలు.

బంతి సైజు మారలేదు. మా షిఫ్టులో నలుగురిని అడిగి మరీ రాస్తున్నాను.

ప్రొజెక్టర్ల కోసం వారం రోజులు వెతికాను. ప్రతి డబ్బా మీదా వేలకు వేలు లూమెన్లని వేస్తున్నారు. లూమెన్లంటే వెలుతురు లెక్క. అవన్నీ నిజమైతే మా కరెంటు ప్లాంటు మూసేసి ఊరికొక ప్రొజెక్టర్ పెట్టుకోవచ్చు. చివరికి ఒకటి కొని సక్రి అక్కకు ఇచ్చాను. 1080, ఫుల్ హెచ్‌డీ. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంది. డిష్ డబ్బా వైరు దానికి గుచ్చి, కిటికీలు మూసి చూడు.

ఒక ఒప్పందం. గోడంత బొమ్మలో కూడా బంతి కనబడకపోతే తప్పు బంతిది కాదు. నువ్వు భద్రాచలం వెళ్లి కళ్లు చూపించుకోవాలి.

ఇట్లు,
నీ మనవడు ప్రభు

తా.క.: సాంబారు పడితే కష్టమని మళ్లీ రాస్తున్నాను. కళ్లు చూపించుకో. ఈ కాగితం వెనకవైపు కూడా అదే రాశాను.

---

ఇప్పలగూడెం,
అక్టోబర్ 14

చిరంజీవి ప్రభుకు,

నిన్నెవరో మోసం చేశారు. డబ్బా సక్రి ఒళ్లో కూర్చుని క్షేమంగా దిగింది. దానికి ఆమె టికెట్ కొట్టలేదు. బొమ్మ గోడంతా వచ్చింది, నిజమే. కానీ గదిలో ఎవరో పాలు కాచి పొంగించినట్టుంది. బ్యాట్స్‌మన్ మా తలుపంత ఉన్నాడు, మొహం మాత్రం లేదు. బంతి సంగతి అడగకు.

నాగక్కేమో "బొమ్మ మంచిగనే వస్తుందమ్మా, గాయన మీసం గూడ కానొస్తుంది" అంటుంది. ఆమెకు అన్నీ మంచిగానే ఉంటాయి. నా పాఠాలు కూడా మంచిగానే ఉన్నాయనేది. మార్కులే రాలేదు.

డబ్బా అడుగున చీమల బారులాగా ఏదో ముద్రించారు. అదేమిటో రాయి. ఒప్పందం చెల్లదు. బొమ్మే బాగా లేనప్పుడు నా కళ్లేం చేస్తాయి?

ఇట్లు,
నాయనమ్మ

తా.క.: కాగితం వెనకవైపు చూసే అలవాటు నాకు లేదు.

---

పాల్వంచ,
అక్టోబర్ 18

నాయనమ్మకు వందనాలు.

ఆ చీమల బారు కంపెనీ అడ్రస్. దాంతో మనకు పని లేదు.

నువ్వు ముప్పై ఏళ్లు సైన్సు చెప్పావు కాబట్టి ప్రయోగంతోనే తేల్చుకుందాం. ఈ పెన్‌డ్రైవ్‌లో ఒక బొమ్మ ఉంది. మూడు పళ్ల దువ్వెనలు ఏడు వరసల్లో ఉంటాయి, కిందికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. పళ్లు ఎటున్నాయో వేలితో చూపాలి. నువ్వు, నాగక్క, ఎదురింటి బొజ్జయ్య ఒకే కుర్చీలో ఒకరి తర్వాత ఒకరు కూర్చోండి. ముగ్గురూ తప్పితే ప్రొజెక్టర్ వాపసు చేస్తాను. నువ్వొక్కదానివే తప్పితే ఏం చేయాలో నీకు తెలుసు.

ఇట్లు,
ప్రభు

తా.క.: కుర్చీ మార్చకూడదు.

---

ఇప్పలగూడెం,
అక్టోబర్ 23

ప్రభుకు,

ప్రయోగ ఫలితం. నాగక్క ఏడు వరసలు. బొజ్జయ్య ఏడు వరసలు, అదీ టక్కుటక్కున. వాడు నా దగ్గర మూడో తరగతి రెండుసార్లు చదివాడు. నేను మూడో వరసలో ఆగిపోయాను. కుర్చీ మార్చాను. బొజ్జయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాను. నాగక్క నవ్వాపుకోలేక వాకిట్లోకి పోయి "టీచరమ్మ ఫెయిలయింది" అని వాడకంతా చెప్పి వచ్చింది.

ఫలితం మనకు నచ్చకపోయినా దిద్దకూడదని పిల్లలకు చెప్పినదాన్ని. మంగళవారం సక్రి బస్సులో భద్రాచలం పోతున్నాను.

నీకొక్కడికే చెబుతున్నాను. నీ ఉత్తరాల్లో లావు అక్షరాలు అందుతాయి కానీ బైబిలువి అందవు, రెండేళ్లుగా చర్చిలో నేను వాక్యం చదవడం లేదు. కంఠస్థం అప్పజెబుతున్నాను. పేజీ కూడా సమయానికి తిప్పుతాను. కొత్త పాస్టరు వచ్చి నాకు రాని భాగం చదవమంటే ఏమవుతుందా అని ప్రతి శనివారం భయమే.

నాయనమ్మ

తా.క.: కాగితం వెనకవైపు చూశాను. ఉత్తరం వచ్చిన రోజే చూశాను.

---

ఇప్పలగూడెం,
నవంబర్ 22

చిరంజీవి ప్రభుకు నాయనమ్మ దీవెనలు.

కంట్లో శుక్లమట, ముదిరిపోయిందట. తీసేశారు. నెలలో రెండో కన్నుకూ చేస్తారట. మొన్న ఆదివారం పాస్టరు కావాలనే అడిగినట్టు కొత్త భాగం ఇచ్చాడు. చదివాను. అక్షరం అక్షరం చూసి చదివాను. టీవీలో బంతి కూడా కనబడింది. తెల్లగా ఉంది, సైజు మారలేదు.

ఇక నీ సంగతి. అదే కంటితో, అదే కుర్చీలో నీ దువ్వెనలు మళ్లీ వేశాను. నాలుగు వరసలు బాగున్నాయి. అయిదు నుంచి పళ్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. దవాఖానాలో కాగితం మీద ఆఖరి వరస దాకా చదివిన కన్ను ఇది. బొజ్జయ్యను పిలిచి నిలదీశాను. "నాకేం కానరాలేదమ్మా. తెల్వదంటే బెత్తం తీస్తవని ఎటో ఒక దిక్కు చూపెట్టిన" అన్నాడు. వాడికి యాభై రెండేళ్లు. నాగక్క వాడి వేలు చూసి చూపించిందట. కనబడని నేను ఇద్దరికీ ఒప్పని రాసుకున్నాను. మూడో తరగతిలోనూ ఇదే పద్ధతి.

తర్వాత డబ్బా తిరగేశాను. కంపెనీ అడ్రస్ చదివాను. "నేటివ్ రిజల్యూషన్ 480. 1080 సపోర్ట్ మాత్రమే." అంటే 1080 బొమ్మ పంపిస్తే లోపలికి రానిస్తుంది, గోడ మీద మాత్రం 480గానే వేస్తుంది. ముసలమ్మకు తేడా ఏం తెలుస్తుందిలే అనుకున్నావు. నిజమే, అప్పుడు తెలిసేది కాదు. తెలిసేలా చేసింది నువ్వే. కాబట్టి తిట్టాలో దీవించాలో తెలియక రెండూ ఒకే ఉత్తరంలో పెడుతున్నాను.

డబ్బా సక్రితో వెనక్కి పంపాను. దాన్ని మార్చి, నేటివ్ అన్న మాట పక్కనే 1080 ఉన్నది తీసుకో. అడుగున ఉన్న చీమల బారు నువ్వు చదివి, పక్కవాడితో కూడా చదివించు. టీవీ బాగున్నా ప్రొజెక్టర్ కావాల్సిందే. ఆదివారం మ్యాచ్‌కు వాడంతా వస్తామన్నారు, నేను సరే అన్నాను.

ఇట్లు,
మీ నాయనమ్మ రిబ్కా

తా.క.: శనివారం వచ్చేటప్పుడు పాల్వంచ బజారులో పొడుగు బూజు కర్ర ఒకటి, నేల తుడిచే గుడ్డలు నాలుగు పట్టుకురా. ఇన్నాళ్లూ ఇల్లు శుభ్రంగా ఉందనుకున్నాను.