పడి లేచినవాడికి చప్పట్లు

చిన్నా,

నిన్న అమ్మా నేనూ బెంటన్‌విల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ మీ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాం. నీ గౌరవార్థం నీ జెర్సీ నంబరు ఇక ఏ ఆటగాడికీ ఇవ్వరట. హాఫ్‌టైమ్‌లో నీ జెర్సీకి ఫ్రేము కట్టి అమ్మ చేతిలో పెట్టారు. పెట్టింది ఎవరనుకున్నావ్? తలకి దెబ్బ తగిలిందని తెలిసీ నిన్ను మళ్లీ ఆటలోకి తోసిన ఆ కోచే! "మా ఫైటర్, ఒక్క ఆట కూడా మధ్యలో వదల్లేదు" అన్నాడు మైకులో. వదలనిస్తే కదా! నాకు ఒళ్లు మండిపోయింది. స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌లో దెబ్బ తగిలి పడ్డవాడు లేస్తే చాలు, చప్పట్లు కొడతారు. ఆ రోజు నువ్వు తూలుతూ లేచినప్పుడూ కొట్టారు. కాసేపటికి మళ్లీ పడ్డావు. ఇక లేవలేదు.

సెకండ్ హాఫ్‌లో ఇంకో కుర్రాడు హెల్మెట్ పట్టుకుని కూలబడ్డాడు. లేచాడు. మళ్లీ అవే చప్పట్లు. అమ్మ ఫ్రేము నా ఒళ్లో పడేసి, రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తి తెలుగులోనే అరిచింది.

"ఒరేయ్ నాయనా, ఆడకురా! బయటికి వచ్చెయ్యరా!"

చుట్టూ ఉన్నవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వాణ్ణి ఉత్సాహపరుస్తోందనుకుని, అమ్మతో పాటు వాళ్లూ గొంతు కలిపారు.

వాడు చెయ్యి ఊపి, ఆటలోకి వెళ్లిపోయాడు.

అక్క