నీ పేరు చెక్కని బండ

మామా,

ఎట్లా ఉన్నావని నిన్ను అడగడానికి లేదు, మా సంగతే చెబుతాను. నువ్వు పోయి రెండు అమావాస్యలు దాటాయి. వాన ఇంకా పడలేదు. నేనూ, మన బిడ్డ గంగమ్మా బతికే ఉన్నాం. మన పెళ్లికి ముందు నువ్వు వేలు పట్టి ఇసుకలో దిద్దించిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

ఊరంతా నిన్ను పొగుడుతోంది. వింటుంటే నాకు డోకొస్తోంది.

ఇంత కరువులో ఎవరి ముందరా చేయి చాపలేదట, గంజి కొట్టం గడప తొక్కలేదట, మానంగా పోయావట. ఈ మాటలు అనేది ఎవరు? చర్చి పక్కన సర్కారు వేసిన ఆ కొట్టానికి కొంగు కింద ముంత దాచుకొని పోయేవాళ్లే. అందరితో వరసలో కూర్చుంటే తక్కువైపోతామని చాటుగా పోయించుకొని వస్తారు. దానికి నాకు కోపం లేదు, ఆకలి వాళ్లకూ ఉంది. కానీ మూతి తుడుచుకొని వచ్చి నీ చావును మెచ్చుకుంటారే... అదే నాకు సహించదు.

మీ అన్న సంగతి విను. నీకు కాళ్లు వాచి లేవలేని రోజుల్లో, పాతర తీసి కాసిన్ని జొన్నలు ఇమ్మని పోయి అడిగాను. పాతర ఖాళీ అన్నాడు పెద్దమామ. నీ పెద్దదినానికి మాత్రం తీశాడు. మూత ఎత్తగానే ముక్కిన జొన్నల వాసన మన వాకిలి దాకా వచ్చింది. ఊరందరికీ సంగటి పెట్టించాడు. తమ్ముడికి ఎంత చేశాడో అన్నారు. నా ముందరా ఒక ముద్ద పెట్టారు. నేను నోట పెట్టలేదు. గంగమ్మకు తినిపించాను.

ఖాళీ పాతరలో జొన్నలు ఎక్కడివని ఒక్కరైనా అడిగారా...

ఇప్పుడు నీ చేని గట్టున బండ నిలబెడతాడట. బండి మీద తెప్పించాడు కూడా. చేయి చాపని మనిషి అని నీ పేరు కింద చెక్కిస్తాడట.

అంతటితో ఆగితే నోరు మూసుకునేదాన్ని. గంగమ్మను పిలిచి, మీ నాయన పరువు తీయొద్దు, ఆ కొట్టానికి పోవద్దు అని చెప్పాడు. ఆరేళ్ల పిల్ల మామా. ఆ రోజు నుంచి ముంత తోసేస్తూ వచ్చింది. నాయన తాగలేదు, నేనూ తాగను అంది. అచ్చం నీ మొండితనమే. బతిమాలాను. కొట్టాను. ఆకలికి దాని పెదవులూ నీకు పగిలినట్టే పగిలాయి.

నీ మీదా అసహ్యం వేసింది, దాచను. "మనం ఒకరికి పెట్టినోళ్లం మ్మే, ఒకరి ముందర ముంత పట్టము" అనేవాడివి. నేను బిడ్డకు గంజి తెస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. నీ మానం నువ్వు చూసుకున్నావు, మరి మమ్మల్ని ఎవరు చూడాలి?

కానీ ఆ చివరి మధ్యాహ్నం సంగతి నాకొక్కదానికే తెలుసు. గంగమ్మ బయట ఉంది. నువ్వు కళ్లు తెరిచి, "మ్మే, ఇంత గంజి ఉండాదా?" అన్నావు. బిడ్డ ముంతలో అడుగున మిగిలింది నీ నోట్లో పోశాను. ఎక్కడిదని నువ్వు అడగలేదు. గుటక వేసి, "బాగుండాది" అన్నావు. నీ గుట్టు నాతోనే పోనిద్దామనుకున్నాను.

నిన్న చెప్పేశాను. పెద్దమామ వాకిట్లో నలుగురూ చేరి బండ చూస్తున్నారు. గంగమ్మ చేయి పట్టుకొని పోయి, మీ నాయన గంజి అడిగి తాగాడు అని అందరికీ వినపడేలా చెప్పాను. పెద్దమామ నన్ను పరువు లేనిదానా అన్నాడు. మిగిలినవాళ్లు తలలు దించుకున్నారు. గంగమ్మ చాలాసేపు నా మొహమే చూసింది.

బండ అక్కడే పడి ఉంది. ఇంక చెక్కించడులే. నీ పరువు తీశానని కోపమా? ఉంటే ఉండనీ...

ఈ పొద్దు కొట్టంలో వరసలో కూర్చున్నాం. గంగమ్మ ముంత ఎత్తి గటగటా తాగింది. ఎట్లా ఉందని అడిగాను. బాగుండాది అంది.

రేపూ పోతాం మామా. వాన పడేదాకా పోతాం.

నీ సుబ్బమ్మ