ఎవరి చేత్తో వాళ్లే

అమ్మకు మధు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ ప్రత్యూషా ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ నువ్వూ, చెల్లెలు దుర్గా, దాని బిడ్డా బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం మొన్న అందింది. బిడ్డకు మీ అమ్మ ముక్కు వచ్చిందని రాశావు. ఫొటోలో ఎంత వెతికినా నాకు ముక్కు కనపడలేదు, అంతా బుగ్గలే. పారాదీప్‌లో చేపకు కొదవ లేదు గానీ పులుసులోకి మన చింతపండు దొరకడం లేదన్నావు. ప్రత్యూష గింజ తీసి మూట కట్టి పెట్టింది, ఎవరైనా అటు వచ్చేవాళ్లు ఉంటే పంపిస్తాను.

ఫోన్‌లో మాట్లాడరాదా అంటుంది దుర్గ. నీ చెవికి వినపడేట్టు నేను ఇక్కడ అరిస్తే మన జాలరి కుప్పం మొత్తం వింటుంది. అయినా ఈసారి చెప్పాల్సినది కుప్పానికి ముందే తెలిసిపోయింది. నీకే తెలియదు. అదే నన్ను తినేస్తున్నది. నిదానంగా చెప్పనీ.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మేక ఈనింది, రెండు పిల్లలు, రెండూ నల్లవే. వాకిట్లో పందిరి గాలికి ఒరిగింది, నిలబెట్టించాను. పోలేరయ్య మామ మోకాలి నొప్పి తగ్గలేదు. ప్రత్యూష తైలం ఇచ్చి వస్తూనే ఉంది గానీ ఆయన రాసుకుంటాడో, మూలన పెడతాడో ఆ పోలేరమ్మ తల్లికే తెలియాలి. పడవ ఎక్కేటప్పుడు పట్టుకోను పక్కన మనిషి కావాల్సి వస్తున్నది.

ఇక నాలుగో ప్రశ్న. “కంప్యూటర్‌ను ముక్కలుముక్కలుగా పంచినావంట, అన్నదమ్ములు పొయ్యి వేరు పెట్టినట్టు, అదేం బుద్ధిరా?” అని అడిగావు. పంచింది నిజమే. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచి రావాలి.

సరస్సులో వల వేసే వంతులకు ఏటా చీటీలు తీస్తాం గదా. కంపెనీ పనులకు పోయిన మన పిల్లలు కూడా తమ వంతు నాటికి రావాలని, చీటీల్లో వచ్చినదంతా నేను ఒక పేజీలో పెట్టించాను. ఎవరి వంతు ఏ రోజు, ఏ చోట అన్నది ఫోన్‌లోనే చూసుకుంటారు. ఆ పేజీ చూసుకునేది పక్కింటి మహాలక్ష్మి పెద్దమ్మ కొడుకు పెంచల్. చేపల రేట్ల పేజీ ఇంకోటి ఉంది, వేలం దగ్గర నిలబడి రేట్లు ఎక్కించేది మామ. రెండూ నేను అద్దెకు తీసుకున్న ఒకే సర్వర్‌లో ఉన్నాయి. సర్వర్ అంటే ఎప్పుడూ ఆర్పకుండా నడిపే కంప్యూటర్ అనుకో. పేజీ వెనక ఒక స్క్రిప్ట్ ఉంటుంది. ఎవరైనా ఏదైనా రాస్తే దాన్ని ఎక్కడ దాచాలో, అడిగితే ఏం చూపాలో చెప్పే నాలుగు ముక్కలు అవి. ఆ స్క్రిప్టులన్నీ ఒకే యూజర్ పేరుతో నడిచేట్టు పెట్టాను. ఇంటిల్లిపాదికీ ఒకే తాళంచెవి ఇచ్చినట్టు. మనవాళ్లే గదా, ఎవరి పెట్టె ఎవరు తెరుస్తారులే అనుకున్నాను.

నువ్వు రైలెక్కిన వారానికే రొయ్య దిగింది. సముద్రం నోరు తెరుచుకున్న చోట, ఒడ్డుకు దగ్గరగా, అందరూ ఆశపడే వంతు ఈసారి పద్మనాభయ్యకు వచ్చింది. తెల్లవారుజామున ఆయన పడవ పోయేసరికి అక్కడ మన మామ వల దించి ఉన్నాడు. ఇది నాదంటే నాదన్నారు. పేజీ తెరిస్తే మామ పేరే ఉంది. పద్మనాభయ్య ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగి రెండు పడవల వాళ్లూ కలబడ్డారు. వల తెగింది, పడవ గడ దెబ్బ తగిలి పద్మనాభయ్య చెయ్యి విరిగింది. చీటీలు తీసిన రోజే పేజీని ఫొటో తీసి పెట్టుకున్న పిల్లోడొకడు దాన్ని చూపించాడు. అందులో పద్మనాభయ్య పేరుంది. అంటే తర్వాత ఎవరో మార్చారు. పేజీ ఎవరి చేతిలో ఉంది? పెంచల్ చేతిలో. ఇంకేముంది, పెంచలే కావాలని మార్చాడన్నారు. పేజీలో ఉన్నది చూసే వల దించానని మామ కూడా ఏమీ తెలియనట్టే ఉండిపోయాడు. ఈ ఏడు పెంచల్‌కు వంతు లేదని పెద్దలు తీర్పు చెప్పారు. వంతు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని నీకు నేను చెప్పనక్కరలేదు.

వాడు నా కంప్యూటర్ షాపుకొచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. “అన్నా, నేను కాదని నీ కంప్యూటర్ చెప్పలేదా?” అన్నాడు. “చెప్పలేదురా. దాని కంటికి మనమందరం ఒకటే మనిషి” అన్నాను. మహాలక్ష్మి పెద్దమ్మ అప్పటి నుంచి మన గడప తొక్కలేదు.

అమ్మా, ఆ తప్పులో నాకూ పాలుందని అప్పుడే అర్థమయింది. అందుకే కూర్చొని పంచాను. వంతులకు ఒక యూజర్, రేట్లకు ఒక యూజర్. ఎవరి ఫోల్డర్ వాళ్లది, ఎవరి స్క్రిప్ట్ వాళ్ల పేరుతోనే నడవాలి. ఫోల్డర్ ఒకరి పేరున ఉండి స్క్రిప్ట్ ఇంకొకరి పేరున ఉంటే సర్వర్ నడపనంటుంది. మొదటి రోజు నేనే ఒక ఫోల్డర్ పేరు మార్చడం మరిచాను. రేట్ల పేజీ మొరాయించింది. చేపలమ్మే ఆడవాళ్లు షాపు మీదికొచ్చి, “ఏందయ్యా మధూ, పంచేవోడివి సక్కంగా పంచలేవా?” అని నాకు తలంటు పోశారు. సరిచేశాక అంతా నెమ్మదించింది. ఇప్పుడు ఒకరి దాంట్లో ఒకరు చెయ్యి పెట్టబోతే సర్వర్ ఆపేస్తుంది, ఎవరి పేరుతో పెట్టబోయారో రాసి పెట్టుకుంటుంది.

నాలుగు రోజుల్లోనే రాసి పెట్టింది. వంతుల పేజీలో పేరు మార్చబోయింది రేట్ల యూజర్. ఆ తాళంచెవి మామ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

నాన్న పోయినాక నన్ను భుజాన వేసుకుని తిరిగిన మనిషి. నాకు పలక కొన్న మనిషి. చెయ్యి విరిగినవాడు విరిగినట్టుండగా, పెంచల్ పస్తులుండగా, మళ్లీ అదే పనా అని ఒళ్లు మండిపోయింది. “ముందు మామను అడుగు. అడగకుండా ఊరికి చెప్పొద్దు” అని ప్రత్యూష చెయ్యి పట్టుకుని ఆపింది. వినలేదు. ఆ సాయంత్రమే పెద్దల ముందుకు పోయి, నీ తమ్ముడి పేరు చెప్పాను. అమ్మా, నీకు చెప్పడానికి ఇంతసేపు తిరుగుతున్నది ఈ మాట కోసమే. నీకు ఒక్క ముక్క రాయకుండా, ఆయన్ను ఒక్క మాట అడగకుండా, నలుగురిలో నిలబెట్టాను.

మామ కాదనలేదు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. “నేనే మార్చినాను. నా వంతు అవతలి ఒడ్డున పడె. ఈ మోకాలితో అంత దూరం గడ వెయ్యలేను. అడగను సిగ్గై, దొంగతనంగా చేసినాను” అన్నాడు. పద్మనాభయ్య తన కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని, “ఆ ఒక్కమాట నాతో అనుంటే నేనే ఇచ్చుందును గదా పోలేరయ్యా” అన్నాడు. పెంచల్‌కు వాడి వంతు తిరిగిచ్చారు. మామకు ఈ ఏడు వంతు లేదు.

అందరూ లేచాక ఆయన వెంట నడిచాను. “మళ్లీ ఎందుకు చెయ్యి పెట్టినావు మామా?” అని అడిగాను. నా మొహం చూడకుండానే చెప్పాడు. “నా పేరు తుడిచి పద్మనాభయ్య పేరు పెడదామని పొయినా. వంతు సరిగ్గా కనపడితే పెంచల్ మీద మాట పోతాదేమోనని. తలుపేసుండె. నువ్వే గదా వేసినావు.”

అమ్మా, ఎవరు చెయ్యి పెట్టారో సర్వర్‌కు తెలుసు. దొంగిలించడానికి పెట్టారా, తెచ్చింది తిరిగి పెట్టడానికి పెట్టారా అన్నది దానికి తెలియదు. అది నేను అడిగి తెలుసుకోవాల్సింది. అడగలేదు. నిజం బయటికి రావాల్సిందే, పెంచల్ బువ్వ పెంచల్‌కు దక్కాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ రాత్రికి ఆయన ఇంటికి పోయి అడిగి ఉంటే, మరునాడు ఆయనే లేచి తన నోటితో చెప్పేవాడు. ఆ అవకాశం ఆయన దగ్గర నుంచి నేను లాక్కున్నాను. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు. నాలుగు పేజీలు తిట్టినా మడిచి దాచుకుంటాను.

మామ నిన్నటి దాకా మన ఇంటికి రాలేదు. ఈ పొద్దు వచ్చాడు. నేను రాస్తున్నది నీకేనని తెలిసి గడప మీదే కూర్చుని, “నా సంగతి రాసినావా?” అన్నాడు. రాశానన్నాను. చదివి వినిపించమన్నాడు. అంతా విని, “నీ చేత్తో పోతే మా అక్క నిన్ను తిట్టాల్నో నన్ను తిట్టాల్నో తెలీక ఏడస్తది. నాకింత చోటు ఇడిసిపెట్టు” అన్నాడు. మూడో తరగతితో ఆగిన చదువు, పెన్ను పట్టి ఎన్నేళ్లయిందో. కింద చోటు వదిలాను. అక్షరం ఒక్కటి కూడా నేను దిద్దలేదు.

ప్రత్యూష నీకు దణ్ణాలు చెప్పమంది. బిడ్డకు ముద్దులు.

ఇట్లు
నీ కొడుకు
మధుబాబు

అక్కా
వాడు రాసిందంతా నిజిమే. చేసింది నేనే. పెంచల్ కాదు. మదును తిట్టబాక. నాకు అడగను సిగ్గయినాది. నా మోకాలు కత నీకు ముందే చెప్పుంటే ఇంత కాకపోను. పెంచల్ కాడికి పొయి చెప్పినా. రేపు వాడి వంతు. నేను ఒడ్డున ఉండి పడవ తోస్తా. నువ్వు వచ్చేటప్పుడు నాతో మాట్లాడతావా లేదా రాయి.
ఇట్లు
నీ తమ్ముడు
పోలేరయ్య