వెనిస్‌లో ముప్పై

వెనిస్, బుధవారం రాత్రి

పొద్దున కిటికీ కింది కాలువలో చెత్త బండికి బదులు చెత్త పడవ వచ్చి ఆగింది. ఎవరికైనా చూపించాలనిపించింది. గదిలో నేనొక్కదాన్నే.

ఈరోజు నాకు ముప్పై నిండాయి. టూర్‌లో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను.

"మన ధవళేశ్వరంలో లేని కాలువలేంటండీ ఇవి!" అని కాకినాడ బట్టల కొట్టు సుబ్బారావు గారు పడవలో అందరినీ నవ్వించారు. ఆయనకు ఈరోజే షష్టిపూర్తి. మాతో వచ్చిన వంటాయన బియ్యానికి పసుపు పట్టించి అక్షింతలు చేశాడు. రాత్రి భోజనాల దగ్గర చిన్నవాళ్లమంతా వరసగా ఆ దంపతుల కాళ్లకు దండం పెట్టాం. నేను వంగగానే ఆవిడ నా తలమీద అక్షింతలు వేశారు.

"ఒక్కదానివే ఇంత దూరం వచ్చావు, ఏంటమ్మా విశేషం?"

"ఏం లేదండి, ఊరికే."

ఆవిడ ఇంకోసారి అడుగుతారేమోనని ఒక్క క్షణం అలాగే నిలబడ్డాను. ఈలోగా వెనకాల అబ్బాయి వంగాడు.

ఎందుకలా అన్నానో...

ముప్పైకి ఇటలీ వెళ్దామని మొదట అన్నది కాన్వెంటులో నా పక్కన కూర్చునే లావణ్య. తను ఈరోజు ఫోన్ చేయలేదు.