ఒళ్లోకి తీసుకున్న మనవడు

కలమాత, మంగళవారం

చెల్లీ పొలిక్సేనీ, అందరం ప్రాణాలతో ఉన్నాం, కంగారుపడకు.

ఆదివారం కోడలు మిర్సీనీ కారు నడుపుతోంది. వెనక పిల్లల సీటులో మనవడు అరిస్టోస్, పక్కన నేను. కొండ మలుపుల్లో వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మనసాగక బెల్టు విప్పి ఒళ్లోకి తీసుకున్నాను. కోడలు అద్దంలో చూసి కారు ఆపేసింది.

"వాణ్ణి సీట్లో కట్టేదాకా కారు కదలదు అత్తయ్యా."

"నలుగురిని ఒళ్లోనే పెంచానే, నువ్వా నాకు చెప్పేది?"

తను దిగి వచ్చి, వాడికీ నాకూ బెల్టులు బిగించింది. పావుగంటలో ఎదురుగా ఒక లారీ మా దారిలోకి వచ్చేసింది. తప్పించబోయి రాతిగోడకు గుద్దుకున్నాం. నా చేతుల్లోని నీళ్ల సీసా ఎగిరి ముందు అద్దాన్ని పగలగొట్టింది. కోడలు కారు ఆపకపోతే ఆ చేతుల్లో వాడే ఉండేవాడు. వాడి భుజం మీద ఎర్రటి చార తప్ప ఏమీ లేదు. కోడలి కుడి మణికట్టు విరిగింది.

నీ మనవరాలిని వ్యానులో ఒళ్లో పెట్టుకుని సంతకు వెళ్తావు కదా, ఇక వద్దు. నా మీద ఒట్టు. మేకలు ఈనాయా? నల్ల ఆలివ్‌లు ఒక డబ్బా పంపు, కోడలికి ఇష్టం. తప్పైందని చెప్పడానికి నోరు రావడం లేదు, పూటపూటా అన్నం మాత్రం నేనే తినిపిస్తున్నాను. పిల్లలను ఆ మరియమ్మ తల్లి చల్లగా చూడాలి.

మీ అక్క ఎవాంథియా